చలి లేని ఊళ్ళో హీటరు బేరం

సింగపూర్‌లో ఉంటూ చలికి గది వెచ్చబరిచే యంత్రం కొన్న తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. కాదనేవాళ్ళుంటే చెయ్యెత్తవచ్చు. ఉత్త యంత్రం కూడా కాదు, దాని చుట్టూ రెండు మంచాలూ, ఒక వంటగట్టూ, బీరువా అంత మరుగుదొడ్డీ ఉన్న పెద్ద బండితో సహా కొన్నాను. ఆ బండిని సింగపూర్ రోడ్డు మీద గజం దూరం నడపడానికి కూడా చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్నా నాకు డ్రైవింగు రాదు. వచ్చినా నిలబెట్టుకోవడానికి చోటు లేదు. మేముండేది ఆంగ్ మో కియోలో తొమ్మిదో అంతస్తు అద్దె ఫ్లాటు. అయినా కొన్నాను, ఎందుకంటే చెప్పిన ధరలో సరిగ్గా సగానికి వచ్చింది. సగం అన్న మాట చెవిన పడితే నా బుర్ర అక్కడితో కొట్టు కట్టేస్తుంది.

ఇది నా తప్పు కాదని చెప్పుకోవడానికి నాకొక చరిత్ర ఉంది. నేను పుట్టి పెరిగింది వంటపాత్రల కొట్టు వెనక గదిలో. ఎదుట బట్టల కొట్టు మా పెదనాన్నది, పక్కన కిరాణా మా మేనమామది. మా బజారు పిల్లలకి అక్షరాల కంటే ముందు ధర చెప్పేటప్పుడు మొహం ఎలా పెట్టాలో వచ్చేది. అమ్మకానికి మా నాన్న రెండే పద్ధతులు పెట్టుకున్నాడు. అడగని లోపం చెప్పడు. అడిగితే అబద్ధం చెప్పడు. సొట్ట పడ్డ గిన్నెని సొట్ట గోడవైపు తిప్పి పెట్టేవాడు గాని, "సొట్టేమన్నా ఉందా" అని అడిగినవాళ్ళకి తిప్పి చూపించేవాడు. నేను ఇంజనీరింగు చదివి కంప్యూటర్ల మీద పనికి సింగపూర్ వచ్చాక ఈ రెండింటిలో మొదటిదాన్ని మాత్రం భద్రంగా వెంట తెచ్చుకున్నాను.

ఆ రోజులు ఎలాంటివో కూడా చెప్పాలి. రెండు వేల సంవత్సరం గండం గడిచిపోయింది. కంప్యూటర్లేవీ పేలలేదు, పేలనందుకు మా అందరికీ జీతాలు పెరిగాయి. శనివారాలు టాంపినీస్‌లో ఎవరింట్లో భోజనాలకి కలిసినా పులిహోర పళ్ళెం చేత్తో పట్టుకుని అందరూ ఒకటే మాట: ఎవరు ఏ షేరు ఎంతకి కొన్నారు, ఎంతకి అమ్మారు. పనికిరాని పేరొకటి ఇంటర్నెట్‌లో ముందుగా రాయించుకుని, దాన్ని ఎవరికో కారు ధరకి అమ్మినవాడు మా మధ్యనే కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. కొట్ల మధ్య పుట్టిన నేను వీళ్ళ కబుర్లు వింటూ ఖాళీ చేతులతో ఎలా కూర్చోగలను.

బండి కనపడింది ఆంగ్ మో కియో పారిశ్రామికవాడలో, ఒక మెకానిక్ షెడ్డు ఆవరణలో. ఆ మెకానిక్ తెలుగాయనే. తాతల నాడు రబ్బరు తోటలకి వచ్చిన కుటుంబం. ఆయన తెలుగులో సగం తమిళం, పావు మలయ్. టీ కొట్టు దగ్గర ఆయన ఎవరితోనో "అబద్ధాలు చెప్పమాక" అనడం విని నేను వెనక్కి తిరిగాను. అలా పరిచయం.

"చూడు తంబీ, చూస్తే డబ్బు లేదు," అని ఆయనే బండి తలుపు తీశాడు.

ఇంగ్లండు నుంచి ముసలి దంపతులిద్దరు దేశాలన్నీ దాటుకుంటూ ఆ బండిలో ఇక్కడిదాకా వచ్చారట. ఆస్ట్రేలియాకి ఓడెక్కించాలనుకుంటుండగా పెద్దాయనకి గుండె ఆపరేషను అయింది. విమానంలో ఇంటికి వెళ్ళిపోయారు. బండిని వచ్చిన ధరకి అమ్మి డబ్బు పంపమని ఈయనకి అప్పజెప్పారు. తాత్కాలిక అనుమతి గడువు దాటేలోగా దాన్ని ఓడ అయినా ఎక్కించాలి, తుక్కు అయినా చెయ్యాలి. అంటే అమ్మేవాడికి తొందర ఉంది. ఈ ఒక్క సంగతి తెలిశాక నాకింక బండిలో ఏముందో చూడాల్సిన అవసరం కనపడలేదు.

ఎనిమిది వేలు అన్నాడు. మూడు అన్నాను. రెండుసార్లు లేచి వెళ్ళిపోయాను. రెండోసారి బస్టాపు దాకా వెళ్ళాను. ఆయన వెనక నుంచి పిలవలేదు. గొడుగు మర్చిపోయానని నేనే తిరిగి వచ్చాను. గొడుగు నా చేతిలోనే ఉంది. ఆయన దాన్ని చూశాడు, కుర్చీ జరిపాడు. నాలుగు వేల దగ్గర చేతులు కలిశాయి.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ బియ్యం కడుగుతూ వింది. "ఎక్కడ పెడతారు? లిఫ్టులో పడుతుందా?" అంది.

"ఇక్కడ పెట్టడానికి కాదు. న్యూజీలాండ్ వెళ్ళేవాళ్ళకి అమ్మడానికి. అక్కడా స్టీరింగు కుడివైపే."

"న్యూజీలాండ్ వెళ్ళేవాళ్ళు మనకెవరు తెలుసు?"

అప్పటికి ఎవరూ తెలియదు. కాని సగం ధరకి కొన్నవాడికి అది చిన్న విషయం.

నెల తిరక్కుండా దొరికారు. టాంపినీస్ భోజనాల్లోనే. కడప వైపు కుర్రాడు, ఇక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన ముగించి న్యూజీలాండ్ దక్షిణ కొసన ఉన్న ఒక ఊళ్ళో ఉద్యోగం తెచ్చుకున్నాడు. భార్య, నాలుగేళ్ళ పాప. అక్కడ ఇంటద్దెలు విని గుండె జారిపోయి ఉన్నాడు. మొదటి ఏడాది బండిలోనే కాపురముంటే ఎంత మిగులుతుందో నేను పేపరు నాప్కిన్ మీద లెక్క వేసి చూపించాను. అతని మొహం వెలిగింది. అతని భార్య నాప్కిన్ వంక చూడలేదు.

"అదంతా సరే అన్నా. అక్కడ చలి జాస్తి అంటాండారు. పాపకి కొంచెం సల్లగాలి తగిలితే చాలు, చెవిపోటు అని రాత్రంతా ఏడుస్తాది. బండిలో వేడి వస్తాదా?" అంది.

"భేషైన హీటరుందమ్మా. జర్మనీది."

"అది పనిచేస్తే తీసుకుంటాం. లేకుంటే మాకొద్దు."

ఏడు వేలకి ఒప్పందం. హీటరు పనిచేస్తుందని చూపించాక సగం, ఓడెక్కే రోజు మిగతా సగం. నేను మర్నాడే షెడ్డుకి వెళ్ళి, కొన్నాక మొదటిసారిగా ఆ హీటరు మీట తిప్పాను. అది పనిచెయ్యలేదు.

దాని కథ ఇదీ. మంచం కింద బిందె అంత పొయ్యి. అందులో డీజిల్ మండుతుంది. ఆ మంటకి కాగిన నీళ్ళని ఒక చిన్న పంపు గొట్టాల్లోకి తోస్తుంది. గొట్టాలు బండి చుట్టూ తిరుగుతాయి. అక్కడక్కడ చిన్న రేడియేటర్లు, వాటి వెనక ఫ్యాన్లు. చుట్టూ తిరిగి చల్లబడిన నీళ్ళు మళ్ళీ పొయ్యికే వస్తాయి. కొనేముందు ఇదేమీ నాకు తెలియదు. మెకానిక్‌కీ తెలియదు. "తంబీ, ఈ ఊళ్ళో నాను ఏర్‌కాన్ రిపేరు చేసేవాణ్ణి. చలి తెప్పించే పని నాది. వేడి ఎవరిక్కావాలి?" అన్నాడు. హీటరుతో పాటు వచ్చిన పుస్తకం జర్మన్‌లో ఉంది. బొమ్మలు చూసుకున్నాం.

మీట తిప్పగానే పంపు గుయ్యిమంటుంది. కాసేపటికి టిక్కుటిక్కు, తర్వాత పంపు స్టవ్వు అంటుకున్నట్టు భగ్గుమని చప్పుడు, డీజిల్ పొగ వాసన. నాలుగైదు నిమిషాలు బాగానే ఉంటుంది. ఉన్నట్టుండి ఎర్ర దీపం మిణుకుతుంది, ఆగిపోతుంది. మా ఆఫీసులో ఏది ఆగినా మొదట చేసే వైద్యం ఆపి మళ్ళీ వెయ్యడం; అదే చేశాను. మళ్ళీ ఆగింది. బ్యాటరీ చార్జి చేయించాం. డీజిల్ వడగట్టే గుడ్డలాంటిదేదో ఉంటే తీసి కడిగాం. ఫ్యూజులు ఒక్కొక్కటే ఊడదీసి వెలుతురుకి పట్టి చూశాం. చొక్కాలు తడిసి ముద్దయ్యాయి. మధ్యాహ్నపు ఎండ రేకు మీద కాస్తుంటే, లోపల హీటరు వేసుకుని, అది సరిగా వేడెక్కడం లేదని ఇద్దరం బాధపడుతున్నాం.

కారణం పట్టింది మా ఆవిడ. టిఫిను క్యారేజీ తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక మంచం కింది గొట్టాల మీద చెయ్యి వేసింది. "అబ్బ, ఇది కాలుతోంది," అంది. రెండోదాని మీద వేసి, "ఇదేంటి, చల్లగా ఉంది?"

పొయ్యిలోంచి వెళ్ళే గొట్టం కాలుతోంది, తిరిగి వచ్చేది చల్లగా ఉంది. అంటే నీళ్ళు తిరగడం లేదు. పొయ్యిలో ఉన్న కాసిని నీళ్ళే కాగి కాగి మరిగిపోయి, అది తనంతట తాను ఆపుకుంటోంది. వెతికితే ఒక మూల గొట్టం బిగింపు వదులై ఎన్నాళ్ళుగానో చుక్కలు కారుతోంది. కారిపోయిన నీళ్ళ చోట గాలి చేరింది. గాలి అడ్డంగా కూర్చుంటే ఆ చిన్న పంపు దాన్ని తొయ్యలేదు. మెకానిక్ ఇప్పుడు హుషారయ్యాడు. గొట్టాల్లో గాలి చేరడం ఆయనకి తెలిసిన జబ్బే. బిగింపు మార్చాడు. మిగిలిన పాత ద్రవం అంతా బకెట్లోకి వంచాడు, తుప్పు రంగులో ఉంది. జాకీ పెట్టి బండి ముక్కు పైకి లేపాడు, గాలి ఎత్తుకి చేరుతుందని. ఇక నింపడమే.

నింపడం దగ్గర బేరం వచ్చింది.

"తంబీ, ఇందులో పచ్చ మందు పొయ్యాలి. సగం అది, సగం పైపు నీళ్ళు. అది లేకుంటే ఆ దేశం చలికి లోపల బెకూ అయిపోతుంది," అన్నాడు. బెకూ అంటే ఆయన మలయ్‌లో గడ్డకట్టడం. "రెండు డబ్బాలు. నలభై ఎనిమిది డాలర్లు."

"ముప్పై."

"ఇది నా సరుకు కాదు. బయట కొని తేవాలి."

"కొన్న ధర ఎంతో నాకు తెలీదా అంకుల్. ముప్పై ఐదు."

"నలభై ఐదు. అదే కడాశి."

"ఇక్కడ గడ్డకట్టేదేముంది, గిన్నెలో పెట్టి అమ్మే ఐస్ కచాంగ్ మంచు తురుము తప్ప."

ఆయనకి విసుగొచ్చింది. చేతిలో ఉన్న గొట్టం నా వైపు చాపి, "అయితే నలభై ఐదుకి మందు, లేకపోతే పైపు నీళ్ళు. పైపు నీళ్ళు ఫ్రీ. నీ ఇష్టం," అన్నాడు.

ఆ ఆఖరి మాట ఆయన అనకుండా ఉండాల్సింది. ఉచితం అన్నాక నలభై ఐదు ఇవ్వడం మా బజారు పుట్టుకకే చేతకాదు. "నీళ్ళే పొయ్యండి," అన్నాను. మా ఆవిడ క్యారేజీ మూత పెడుతూ నా వంక చూసింది.

నీళ్ళు నింపి, అన్నిటికంటే దూరంగా ఉన్న రేడియేటరు దగ్గర చిన్న స్క్రూ వదులు చేశాం. పాము బుస కొట్టినట్టు గాలి, తర్వాత తుంపర్లు, తర్వాత నీటి ధార. స్క్రూ బిగించి మీట తిప్పాం. ఈసారి ఆగలేదు. రెండు గొట్టాలూ కాలాయి. నిజం చెప్పాలంటే నా జీవితంలో అంత సంతోషపడిన మధ్యాహ్నాలు తక్కువ.

ఆదివారం వాళ్ళు చూడటానికి వచ్చారు. నేను హీటరు వేసి తలుపు మూశాను, పూర్తి ఫలితం తెలియాలని. అయిదుగురం లోపల ఆవిరి కుడుముల్లా కూర్చున్నాం. కడప కుర్రాడు కళ్ళద్దాలు తుడుచుకుంటూ "సూపర్ అన్నా" అన్నాడు. పాప ఫ్యాను ముందు అరచెయ్యి పెట్టి, "వెరీ హాట్ అంకుల్. ఆఫ్ లా," అంది. అందరం నవ్వాం. వాళ్ళమ్మ మాత్రం వంగి గొట్టాలు చూసింది, మంచం పైకెత్తి చూసింది. ఆమె నాన్నకి ఏ కొట్టూ లేదు, బడి పంతులట. కాని సరుకు చూడటం తెలుసు.

"అక్కడి చలికి తగ్గట్టు వెయ్యాల్సినవన్నీ వేయించినావా అన్నా?"

అడిగింది. అడిగితే చెప్పాలి. నాన్న పద్ధతి అదే. కాని మొదటి సగం డబ్బు ఆమె చేతిసంచిలో ఉంది, ఇంకా నా చేతికి రాలేదు. నీళ్ళ సంగతి చెబితే ఆమె వంద తగ్గిస్తుంది. వంద తగ్గిస్తే దానికి తోడు మరో వంద. ఇదంతా నా తలలో ఎంత వేగంగా నడిచిందంటే, నోరు అంతకంటే ముందే పని ముగించింది.

"అన్నీ వేయించానమ్మా," అన్నాను.

ఆమె సంచి తెరిచింది. మా ఆవిడ పాపకి కమలాపండు ఒలిచి పెడుతోంది. తల ఎత్తలేదు.

తిరిగి వస్తూ రైల్లో అంది: "ఆ డబ్బాలేవో కొని ఇచ్చెయ్యండి."

"ఓడెక్కే రోజు చెబుతాలే. అక్కడ కొని పోసుకోమంటాను. పెద్ద పనేం కాదు."

ఓడెక్కే రోజు మిగతా సగం లెక్కపెట్టుకున్నాను. అప్పుడు చెబితే, అన్నీ వేయించానన్న మాట ఏమైందని అడుగుతుంది కదా. డబ్బు రాకముందు చెబితే ధర పోతుంది, వచ్చాక చెబితే పరువు పోతుంది. మధ్యలో చెప్పడానికి అనువైన క్షణం ఒకటుంటుందని నేను నిజంగానే ఎదురుచూశాను. అది రాలేదు. పాప కిటికీలోంచి చెయ్యి ఊపింది. రేవు దాకా మాత్రమే చెల్లే ఒక్క పూట అనుమతి కాగితం అద్దానికి అంటించి, డ్రైవరు బండిని అటు తిప్పాడు. మేమందరం చప్పట్లు కొట్టాం.

తర్వాత కొన్నాళ్ళు మెయిల్లో ఫొటోలు వచ్చేవి. కొండ, చెరువు, బండి మెట్టు మీద ఊలు టోపీతో పాప. నేను వాటిని ఆఫీసులో అచ్చు తీసి టాంపినీస్ భోజనాలకి పట్టుకెళ్ళేవాణ్ణి. నీళ్ళ సంగతి మర్చిపోలేదు. ప్రతి మెయిలుకీ జవాబు రాసేటప్పుడు ఆఖరి వాక్యంగా రాద్దామనుకునేవాణ్ణి. మేలో అక్కడ చలి మొదలైందని రాశాడు. జాగ్రత్తగా ఉండమని రాశాను.

జూన్‌లో ఒక ఆదివారం పొద్దున దోసె తింటుంటే ఫోను మోగింది.

"అన్నా, నేను. హీటరు ఆగిపాయన్నా."

"ఎప్పటినుంచి?"

"రాత్రి డీజిల్ మిగులుతాదని ఆపేసి పండుకుంటిమి. పొద్దున లేచి వేస్తే గుర్రుమని ఆగిపోతాంది. ఎర్ర లైటు. రాత్రి చానా సలి పడినట్టుందన్నా, బయట గడ్డి అంతా తెల్లగా ఉండాది. పాప ఉప్పు అనుకోని నాకబోయింది."

నాకప్పుడే తెలిసిపోయింది. దోసె ముక్క నోట్లోనే ఉంది. లోపల నీళ్ళు గడ్డకట్టాయి. గడ్డకట్టిన నీళ్ళు ఉబ్బుతాయి. ఉబ్బితే ఏమవుతుందో పాత్రల కొట్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మింగి, "ఫ్యూజు చూశావా?" అన్నాను.

ఎందుకన్నానో చెప్పుకోగలను గాని, ఎలా చెప్పినా బాగుండదు. అది ఫ్యూజే అయితే బాగుండునని ఒక పక్క. అప్పటిదాకా కాలం గడుస్తుందని ఇంకో పక్క. అతను బండ్లు ఆపుకునే క్యాంపు మైదానంలో, వంటగది పక్కనున్న ఫోను బూత్ నుంచి మాట్లాడుతున్నాడు. బండి అక్కడికి కొంచెం దూరం. ఫోను పెట్టేసి, ఆ మంచులో నడిచి వెళ్ళి, ఫ్యూజులు చూసి, మళ్ళీ వచ్చి చేశాడు. "బాగుండాయన్నా." రొప్పుతున్నాడు.

"బ్యాటరీ?"

మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. "ఫుల్లు చూపిస్తాంది."

"అయితే గాలి చేరి ఉంటుంది. ఆ చివరి రేడియేటరు దగ్గర స్క్రూ ఉంటుంది చూడు, అది వదులు చెయ్యి."

అతను వెళ్ళాక మా ఆవిడ స్టవ్వు ఆపి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నేను చట్నీ గిన్నె అటూ ఇటూ జరుపుతున్నాను. "ఆ అబ్బాయిని ఎన్నిసార్లు తిప్పుతారు?" అంది. ఫోను మోగింది.

"స్క్రూ తీసినా గాలి రాలేదన్నా, నీళ్ళు కూడా రాలేదు. ఏమీ రాలేదు. కాని మంచం కింద తడి కనపడతాంది. పాప పరుపు తడిసింది." బూత్ తలుపు దగ్గరికి లాక్కున్న చప్పుడు. "కార్డులో నిమిషాలు అయిపోతాండాయి. ఒక మాట చెప్తా. తప్పు నాదేనన్నా. ఆమె ఆపొద్దనే చెప్పె. పాప ఉంది, డీజిల్ ఖర్చయితే కానీలే అనె. నేనే ఇనకుండా ఆపేస్తి. ఇప్పుడు నాతో మాట్లాడకుండా పాపను ఎత్తుకోని క్యాంపు వాళ్ళ వంటగదిలో కూర్చోనుంది. నువ్వు ఎండలో అంత కష్టపడి బాగు చేయించి ఇచ్చిన దాన్ని నేను పాడు చేస్తి. ఏమనుకోవద్దన్నా."

అతను నాకు క్షమాపణ చెబుతున్నాడు. దాని కోసం కార్డులో మిగిలిన నిమిషాలు ఖర్చు పెడుతున్నాడు.

"తమ్ముడూ," అన్నాను. "అందులో ఉన్నది పైపు నీళ్ళు."

"ఏందన్నా?"

"గడ్డకట్టకుండా ఒక మందు పొయ్యాలి. నేను పోయించలేదు. ఉత్త నీళ్ళు పోయించాను. నువ్వు ఆపినందుకు కాదు. ఆ మందు ఉంటే ఎన్నిసార్లు ఆపినా ఏం కాదు. లోపల పగిలి ఉంటుంది."

అవతల ఎవరో పళ్ళెం కడుగుతున్న చప్పుడు వినపడుతోంది.

"నీకు తెలుసునా?"

"తెలుసు."

"మరి ఫ్యూజు చూడమంటివే."

అతను కోప్పడలేదు. నిజంగా అర్థంకాక అడిగాడు, లెక్కలో ఎక్కడో అంకె తప్పినట్టు. తర్వాత ఫోను పక్కకి పెట్టి ఎవరినో పిలిచాడు. కాసేపటికి ఆమె గొంతు.

"ఆయన చెప్పినాడు. ఎంత మిగిలింది అన్నా నీకు?"

"నలభై ఐదు."

"వేలా?"

"కాదమ్మా. నలభై ఐదు డాలర్లు."

ఆమె తిడుతుందని చెవి బిగబట్టుకుని ఉన్నాను. తిట్టలేదు. "సరే. ఇక్కడ రిపేరు చేసేవాళ్ళని పిలుస్తాం. వాళ్ళకి నీళ్ళ సంగతి చెప్పల్ల గదా, ఇంకేమన్నా పొయ్యకుండా వదిలేసింది ఉంటే ఇప్పుడే చెప్పు," అంది. ఇంకేమీ లేదని చెప్పాను. ఈసారి అది నిజం. నిజమని ఆమె ఎందుకు నమ్మాలో నాకు తోచలేదు. ఆమెకీ తోచినట్టు లేదు. "ఉంటా అన్నా," అని పెట్టేసింది. వెనక పాప ఏదో ఇంగ్లీషులో అడుగుతోంది, చెవి అన్న మాట ఒక్కటి వినపడింది.

బిల్లు పంపమని నేనే మెయిలు రాశాను. వారం దాటాక ఆఫీసు ఫాక్సుకి వచ్చింది. పొయ్యి లోపలి భాగం పగిలింది, కొత్తది వేశారు. గొట్టాలు, రేడియేటరు ఒకటి, పాప పరుపు, కూలీ. కింద ఆఖర్న ఆ పచ్చ మందు, రెండు డబ్బాలు.

ఇక లెక్క. మా నాన్న సాయంత్రం గల్లా మూసేటప్పుడు చేసినట్టు, ఎవరూ చూడని లెక్క.

బండి కొన్నది నాలుగు వేలు. షెడ్డు అద్దె మూడు వందలు. మెకానిక్‌కి నూట ఎనభై. ఆయన అడిగింది రెండు వందల ఇరవై. అమ్మింది ఏడు వేలు. అప్పటికి లాభం రెండు వేల ఐదు వందల ఇరవై. ఫాక్సులో వచ్చిన బిల్లు మన డాలర్లలో పదహారు వందల ఎనభై. నేను పంపింది పదహారు వందలు. మధ్యలో ఎనభై ఏమైందంటే, పగిలిన పాత పొయ్యి రాగి తుక్కుకి ధర వస్తుంది కదా, అది తగ్గించమని రిపేరువాణ్ణి అడిగి చూడమని కడప కుర్రాడికి రాశాను. అవును, రాశాను. అతను అడిగాడు. ఆ మనిషి తగ్గించాడు. ఆ తగ్గింపు కూడా నా ఖాతాలోనే జమ అయింది.

హీటరు లేని ఆ వారం ముగ్గురూ మోటెలులో ఉన్నారని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. ఆ ఖర్చు బిల్లులో లేదు. పాపని డాక్టరుకి చూపించిన ఖర్చూ లేదు. వాళ్ళు పంపలేదు. నేను అడగలేదు. అడిగితే ఇవ్వాల్సి వచ్చేది. ఫొటోలు రావడం ఆగిపోయింది. టాంపినీస్‌లో న్యూజీలాండ్ మాట వస్తే నేను పళ్ళెం కడగడానికి లేచేవాణ్ణి.

నలభై ఐదు మిగిలిందని ఆమెతో అన్నది కూడా సరైన లెక్క కాదు. ముప్పై ఐదుకి నేను డబ్బాలు కొనేవాణ్ణే. బేరం చెడింది పది డాలర్ల దగ్గర. ఖర్చు వైపు రాయాల్సింది ఆ పది.

అన్నీ పోను చేతిలో మిగిలింది తొమ్మిది వందల ఇరవై డాలర్లు. లాభం.